పచ్చజిట్ట: విజయవాడ, గుంటూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడగానే పచ్చజిట్ట అనే చిన్న పిట్ట గురించి నాకు ఏటా అవే ప్రశ్నలు వస్తుంటాయి. వేపచెట్టు మీద నుంచి పసుపు ముద్దలాంటిదేదో జారినట్టు దిగిందని ఒకరు, ఈల వినపడుతోంది గానీ పిట్ట కనపడటం లేదని మరొకరు, గూడున్న కొమ్మను కొట్టేస్తున్నారు ఏం చేయమంటారని ఇంకొకరు అడుగుతారు. గుంటూరులో మా డాబా ఎదుటి చెట్ల మీద కొన్నేళ్ళుగా ఈ పిట్టను గమనిస్తూ, చదివినదాన్ని చూసినదానితో సరిపోల్చుకుంటూ వచ్చాను గనుక, ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి జవాబులు రాశాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్ళవచ్చు.

## వెతకడానికి ముందు

ఇంగ్లీషు పుస్తకాల్లో "కామన్ అయోరా" అని ఉంది. తెలుగులో దీన్ని ఏమంటారండీ?

పచ్చజిట్ట అంటారు, పసుపుజిట్ట అనే మాట కూడా ఉంది. చిన్న పిట్టలను జిట్ట అని పిలవడం మనకు పాత అలవాటు. నాకు మొదటి పేరే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే మన భాషలో పసుపు కొమ్మూ పచ్చనే, వరిచేనూ పచ్చనే. ఈ పిట్ట పొట్ట దుగ్గిరాల యార్డులో కుప్ప పోసిన పసుపులా ఉంటుంది, ఆడపిట్ట వీపు లేత చింతాకులా ఉంటుంది, కాబట్టి ఒక్క మాటలో రెండు రంగులూ ఇమిడిపోయాయి. శాస్త్రీయ నామం ఈజితినా టిఫియా. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దీన్ని మోటసిల్లా అనే వేరే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, చేర్చి టిఫియా అని పేరు పెట్టాడు. తరువాతి కాలంలో ప్రజాతి మారినా టిఫియా అన్న భాగం అలాగే నిలిచిపోయింది.

ఈ కుటుంబం పిట్టలు వర్షారణ్యాల్లో ఉంటాయని చదివాను. మే నెలలో రోడ్డు కరిగిపోయే మన ఊళ్ళో ఇది ఎలా బతుకుతోంది?

మీరు చదివింది నిజమే, కానీ అది ఈ కుటుంబంలోని అన్ని జాతులకూ ఒకేలా వర్తించదు. అయోరాల కుటుంబంలో ఉన్నవి నాలుగే జాతులు. వాటిలో గ్రీన్ అయోరా అనేది మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియోల్లోని లోతట్టు వర్షారణ్యాల్లో ఉంటుంది. ముదురు ఆకుపచ్చ ఒళ్ళు, కంటి చుట్టూ పసుపు రంగు కలిగిన ఆ పిట్ట, చెట్ల తలలు ఒకదానితో ఒకటి కలిసిపోయి కప్పులా ఏర్పడిన పై అంతస్తులో పురుగులు ఏరుకుంటూ కాలం గడుపుతుంది, నేల మీద నిలబడి చూసేవారికి మెడ నొప్పి తప్ప పిట్ట దక్కడం కష్టం. గ్రేట్ అయోరా కొంచెం పెద్దది, రెక్కల మీద తెల్ల పట్టీలు లేనిది, ఇండోచైనా వైపు ఉంటుంది. మన దేశంలో ఉన్నవి రెండే: ఎండు నేలల్లోని ముళ్ళ పొదలకు అలవాటుపడిన మార్షల్స్ అయోరా, మన పచ్చజిట్ట.

పచ్చజిట్ట మాత్రం భారత్, శ్రీలంకల నుంచి ఆగ్నేయాసియా దాకా విస్తరించిన పిట్ట. అది అడవి అంచుల్లోనూ, చిట్టడవుల్లోనూ, మడ అడవుల్లోనూ, మామిడి తోటల్లోనూ, వీధి పక్క చెట్ల మీదా ఇమిడిపోగలదు. అయితే ఎక్కడ ఉన్నా దాని బతుకు ఆకుల మధ్యనే, నేలకు దిగడం అరుదు. బోర్నియోలోని చుట్టం మహావృక్షాల తలల మీద చేసే పనినే ఇది మన వీధిలో వేప, చింత, కానుగ తలల మీద చేస్తుంది. మనకు రోజూ నీడనిచ్చే చెట్టుకు పై అంతస్తు ఒకటి ఉందని, అందులో కాపురాలు ఉన్నాయని ఈ పిట్టను చూశాకే నాకు తెలిసివచ్చింది.

దీన్ని చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి? ఉప్పలపాడు వెళితే కనిపిస్తుందా?

ఉప్పలపాడు చెరువు గూడబాతులకు, ఎర్రకాళ్ళ కొంగలకు పేరుపొందిన చోటు. అక్కడికి వెళ్ళినవారి చూపు నీటి మీదే ఉంటుంది గనుక, గట్టు మీది చెట్లలో ఉన్న ఈ చిన్న పిట్టను దాటిపోతారు. విజయవాడ వాసులకు కొండపల్లి అడవి దారులు, మూలపాడు సీతాకోకచిలుకల పార్కు పరిసరాలు, భవానీ ద్వీపంలోని చెట్లు వెతకదగిన చోట్లు. గుంటూరు వైపు కొండవీడు కొండదారి, నంబూరు దగ్గరి నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణం, పాత కాలనీల్లోని పెద్ద చెట్లు బాగుంటాయి. మొదటిసారి చూడాలనుకునేవారు మాత్రం బస్సు ఎక్కనవసరం లేదు, ఇంటికి దగ్గర్లో కలిసి పెరిగిన నాలుగైదు పెద్ద చెట్లు ఉన్న చోట ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు అరగంట నిలబడితే చాలు.

చలికాలంలో కనిపించడం మానేస్తుంది. వలస పోతుందా?

పోదు, ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. గూటి కాలం ముగిశాక మగపిట్ట నలుపు తగ్గి ఆకుల రంగుకు దగ్గరవుతుంది, కూత కూడా తగ్గుతుంది, అందుకే వెళ్ళిపోయిందనుకుంటాము. అదే సమయానికి ఉత్తరాది నుంచి వలస వచ్చే సన్నని ఆకుజిట్టలు మన చెట్లను నింపుతాయి గనుక పొరపాటు పడే అవకాశం మరింత పెరుగుతుంది. ఆకుజిట్ట మాసిన ఆకుపచ్చగా, పసుపు తళుకు లేకుండా, ఒక్క క్షణం కుదురు లేకుండా తిరుగుతుంటుంది.

## గుర్తుపట్టేటప్పుడు

పసుపుగా కనిపించినదల్లా ఇదేనా? గిజిగాడికీ, తేనెపిట్టకూ, దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

ముందుగా రెక్క చూడండి. నల్లని లేదా ముదురు రెక్క మీద రెండు తెల్లని అడ్డపట్టీలు స్పష్టంగా కనిపిస్తే అది పచ్చజిట్ట అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పొడవు 13, 14 సెంటీమీటర్లు, అంటే పిచ్చుక కంటే కొద్దిగా చిన్నది. ముక్కు సన్నగా, సూటిగా, మొన తేలి ఉంటుంది.

గిజిగాడి మగపిట్టకు గూటి కాలంలో తల పసుపు, ముఖం నలుపు, ముక్కు గింజలు కొరికే మొద్దు ముక్కు. అది ఈతచెట్లు, కరెంటు తీగల దగ్గర గుంపుగా ఉంటుందే తప్ప ఆకుల చాటున జంటగా తిరగదు. తేనెపిట్ట పొట్ట పసుపే గానీ, ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది, పూల దగ్గరే తచ్చాడుతుంది. వంగపండు పిట్ట బంగారు రంగులో మెరిసిపోతూ గోరింకంత ఉంటుంది గనుక సైజు దగ్గరే తేలిపోతుంది. ఎక్కువమంది పొరపాటు పడేది తెల్లకంటి పిట్ట దగ్గర. దాని గొంతు కూడా పసుపే, అది కూడా ఆకుల్లోనే ఉంటుంది, కానీ కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లని వలయం ఉంటుంది, రెక్క మీద పట్టీలు ఉండవు.

మగదేదో ఆడదేదో ఎలా చెప్పాలి?

గూటి కాలంలో చాలా తేలిక. మగదానికి నెత్తి, రెక్కలు, తోక నల్లగా, అడుగుభాగం నిండు పసుపుగా ఉంటాయి. వీపు మీది నలుపు ఒక్కో పిట్టకు ఒక్కో మోతాదులో ఉంటుంది, కాబట్టి దాని ఆధారంగా జాతి వేరనుకోకూడదు. ఆడది పైన ఆకుపచ్చగా, కింద లేత పసుపుగా ఉంటుంది. మిగిలిన నెలల్లో రెండూ ఒకేలా అనిపిస్తే తోక చూడండి: మగదాని తోక అప్పుడు కూడా నల్లగానే ఉంటుంది. తోకలో తెలుపు బాగా కనిపిస్తే మాత్రం అది మార్షల్స్ అయోరా కావచ్చు, జాగ్రత్తగా ఫొటో తీసి తెలిసినవారికి చూపించండి.

కూత రోజూ వింటున్నాను, పిట్ట మాత్రం ఒక్కసారి కూడా కంటపడలేదు. ఏం చేయాలి?

దీని విషయంలో చెవి ముందు, కన్ను తరువాత. ఎక్కువగా వినిపించేది సన్నగా మొదలై చాలాసేపు సాగి చివర ఒక్కసారిగా కిందికి జారే ఈల, "వీఈఈఈ...ట్యూ" అన్నట్టు ఉంటుంది. దానితో పాటు చిన్న చిన్న కిచకిచలు, గరగరలు కూడా చేస్తుంది. పసులపోలిగాడి లాంటి ఇతర పిట్టల కూతలను అనుకరించడం కూడా దీనికి వచ్చు, కాబట్టి పసులపోలిగాడు లేని చెట్టు నుంచి దాని కూత వస్తే తల ఎత్తి చూడటం మంచిది.

ఈల వినిపించిన వెంటనే చెట్టు కిందికి వెళ్ళకండి, అక్కడి నుంచి ఆకుల అడుగులు తప్ప ఏమీ కనిపించవు. ఇరవై అడుగులు దూరంగా, వెలుతురు మీ వీపు వైపు ఉండేలా నిలబడి, పై మూడోవంతు కొమ్మల్లో గాలి లేకుండానే కదిలే ఆకు కోసం చూడండి. డాబా ఎక్కగలిగితే మరీ మంచిది, ఎందుకంటే అప్పుడు మీ కన్ను పిట్ట ఎత్తుకు చేరుతుంది. ఫోన్‌లో మెర్లిన్ యాప్ ఉంటే కూతను గుర్తించడానికి సాయపడుతుంది గానీ, అనుకరణ కూతల దగ్గర అది కూడా తడబడవచ్చు గనుక పిట్టను చూసే నిర్ధారించుకోండి.

ఇది ఏం తింటుంది? గింజలు, అన్నం మెతుకులు పెట్టవచ్చా?

పెట్టినా రాదు. పచ్చజిట్ట ఆహారం గొంగళి పురుగులు, ఆకుల్ని అంటిపెట్టుకున్న చిన్న కీటకాలు, వాటి గుడ్లు, సాలీళ్ళు. ఒకసారి మా ఎదుటి వేపచెట్టు మీద ఆడపిట్ట ఒకటి, రెబ్బ చివరన తలకిందులుగా వేలాడి, ఆకు అడుగు వైపు నుంచి ఒక పచ్చని పురుగును లాగింది. దాన్ని వెంటనే మింగలేదు, కొమ్మ మీదికి వచ్చి అటూ ఇటూ నాలుగైదు సార్లు కొట్టి, పురుగు మెత్తబడ్డాక తలవైపు నుంచి తిన్నది. ఆ తరువాత పక్క ఆకు, ఆ పక్క ఆకు. ఒక కొమ్మను అలా పూర్తిగా వెతికి గానీ మరో కొమ్మకు పోలేదు. గింజల పళ్ళెం పిచ్చుకలకూ పావురాలకూ పనికివస్తుంది, పచ్చజిట్టకు మాత్రం పురుగులున్న చెట్టే పళ్ళెం.

## గూటి కాలంలో

వానకు ముందు ఒక పిట్ట గాల్లోకి ఎగిరి బంతిలా కింద పడుతోంది. దెబ్బ తగిలిందా?

దెబ్బేమీ తగలలేదు, అది మగ పచ్చజిట్ట ప్రణయ విన్యాసం. కొమ్మ మీద నుంచి నిటారుగా గాల్లోకి లేచి, ఈకలన్నిటినీ, ముఖ్యంగా నడుము మీది మెత్తని ఈకలను విప్పార్చి, మెలికలు తిరుగుతూ కిందికి జారుతుంది. ఆ నాలుగైదు క్షణాలూ అది పిట్టలా ఉండదు, దూదిపింజకు పసుపు అద్ది విసిరినట్టు ఉంటుంది. కొమ్మ మీద వాలాక కూడా రెక్కలు వాల్చి, తోక విప్పి, సన్నగా కూస్తుంది. ఆడపిట్ట దగ్గర్లోనే ఆకుల మధ్య కూర్చుని ఉంటుంది, కాస్త ఓపికగా వెతికితే దొరుకుతుంది.

నేను దీన్ని మొదటిసారి చూసిన రోజు మబ్బు పట్టి ఉంది, ఇంకా చినుకు పడలేదు. గాలి ఆగిన ఆ పది నిమిషాల్లో ఒకే మగపిట్ట ఆరుసార్లు లేచింది. నాలుగోసారికి గానీ నేను దాని తోక ఎటు విప్పారుతోందో చూడలేకపోయాను, అంత వేగంగా అయిపోతుంది. నైరుతి రుతుపవనాలు దగ్గరపడే రోజుల్లో, ఉదయం పూట పెద్ద చెట్టును చూడగలిగిన కిటికీ దగ్గర కుర్చీ వేసుకోండి.

దీని గూడు ఎలా ఉంటుంది? ఎక్కడ వెతకాలి?

గూడు మీ అరచేతిలో ఇమిడేంత చిన్న గిన్నె. గడ్డిపోచలను, సన్నని నారను గుండ్రంగా పేర్చి, బయటి వైపంతా సాలెగూటి దారాలతో పూత పూసినట్టు బిగిస్తుంది. సాలెపోగు సాగుతుంది, అంటుకుంటుంది, గాలికి కొమ్మ ఊగినా తెగదు, కాబట్టి ఆ పలుచని గిన్నెకు అదే సిమెంటు. రెండు లేదా మూడు సన్నని కొమ్మలు చీలిన చోట దాన్ని అమరుస్తుంది. దూరం నుంచి చూస్తే అది కొమ్మకు పుట్టిన బొడిపెలా ఉంటుంది.

జామచెట్టు మీద ఒక గూడు కట్టడాన్ని నేను గమనించాను. ఆడపిట్ట గిన్నెలో కూర్చుని, రొమ్ముతో అంచుకు ఒత్తుతూ, గుండ్రంగా తిరుగుతూ, లోపలి వంపును సరిచేసుకుంది. కుమ్మరి సారె మీద కుండ అంచు సర్దినట్టు అనిపించింది. గూడును వెతుక్కుంటూ వెళ్ళకండి, దానంతట అది కంటపడితే దూరం నుంచి చూడండి. మనిషి మాటిమాటికీ నిలబడి చూసే కొమ్మను కాకి కూడా గమనిస్తుంది.

గుడ్లు ఎన్ని పెడుతుంది, పిల్లలు ఎన్నాళ్ళకు వస్తాయి?

రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది, సుమారు 14 రోజులకు పిల్లలవుతాయి. ఆడా మగా రెండూ పొదుగుతాయి. కాకులు, జెముడుకాకులు, పాములు, తొండలు గూటికి ప్రధాన శత్రువులు. ఒళ్ళంతా చారలుండే బాండెడ్ బే కుక్కూ అనే చిన్న కోకిల జాతి కూడా పచ్చజిట్ట గూటిలో తన గుడ్డు పెట్టి పోతుంది. కాకి గూటిలో కోకిల గుడ్డు సంగతి మనందరికీ తెలిసిందే, ఇది అదే పద్ధతి.

ఫోన్‌లో కూత వినిపిస్తే దగ్గరికి వస్తుందట. అలా ఫొటో తీసుకోవచ్చా?

వస్తుంది, అందుకే చేయవద్దని కోరుతున్నాను. రికార్డింగు విన్న మగపిట్ట తన చోటులోకి మరొక మగపిట్ట చొరబడిందనుకుని గాభరాగా వెతుకుతుంది. పిల్లలకు పురుగులు తేవలసిన సమయాన్ని లేని శత్రువు కోసం ఖర్చు చేస్తుంది. ఒకరు ఒకసారి చేస్తే నష్టం చిన్నదే కావచ్చు, కానీ పేరుపడిన పార్కులో ప్రతి ఆదివారం పదిమంది చేస్తే ఆ జంటకు తెరిపి ఉండదు. గూటి ఫొటో తీసినవారు చోటు పేరుతో సహా బయటపెట్టకపోవడం కూడా మేలు.

పిల్ల పిట్ట కింద పడి ఉంది. ఇంటికి తెచ్చి పాలు పట్టమంటారా?

పాలు వద్దు, నీళ్ళు నోట్లో పోయవద్దు, అన్నం పెట్టవద్దు. ముందు దాని ఒళ్ళు చూడండి. ఈకలు వచ్చి, గెంతగలిగి, కొమ్మ పట్టుకోగలిగితే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల, తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి. పిల్లులు, కుక్కలు అందుకోలేని ఎత్తులో ఆకుల చాటున కూర్చోబెట్టి మీరు దూరంగా వచ్చేయండి. ఒంటి మీద ఈకలే లేకపోతే, గూడు కనిపించి అందుబాటులో ఉంటే తిరిగి అందులో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదనేది నిజం కాదు. గాయమైతే గాలి ఆడే చిన్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా ఉంచి, అటవీ శాఖ వారికి లేదా పశువైద్యుడికి చేర్చండి.

## చెట్టు, తోట, వీధి

మా ఇంటి దగ్గరికి ఇది రావాలంటే ఏ చెట్టు వేయాలి?

ఒకే చెట్టు పేరు చెప్పమంటే చింత అంటాను, స్థలం తక్కువైతే జామ, ఇంకాస్త ఉంటే వేప, కానుగ, నేరేడు. చిన్న ఆకులు దట్టంగా ఉండి, సన్నని కొమ్మలు చీలి, మన నేలలో తరతరాలుగా ఉన్న చెట్ల మీద మన పురుగులు కాపురం ఉంటాయి, పురుగులు ఉన్న చోటికి పచ్చజిట్ట వస్తుంది. అలంకారం కోసం వరుసగా నాటి, పెట్టెలా కత్తిరించే కోనోకార్పస్ చెట్లలో నేను ఇంతవరకు ఒక్క జంటను కూడా చూడలేదు. ఒంటరి చెట్టు కంటే పక్కపక్క ఇళ్ళలోని చెట్ల కొమ్మలు ఒకదానినొకటి తాకితే దీనికి సుఖం, బయటపడకుండానే ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పోగలుగుతుంది. మీ ప్రహరీ పక్కన మొక్క నాటేముందు పక్కింటివారితో ఈ మాట అనుకోండి.

జామచెట్టుకు పురుగు పట్టింది. మందు కొడితే పిట్టకు ఏమైనా అవుతుందా?

పురుగుల్ని తినే పిట్టకు రెండు విధాల దెబ్బ తగులుతుంది: మందు తగిలిన పురుగును తినడం ఒకటి, అసలు పురుగే లేకుండా పోవడం రెండవది. గూటిలో పిల్లలున్న రోజుల్లో రెండవ దెబ్బ ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే పిల్లలకు మెత్తని గొంగళి పురుగులే ఆధారం. మిరప, పత్తి పండించే మన జిల్లాలో చేలకు మందు కొట్టడం ఎంత మామూలైందంటే, అదే డబ్బాలో మిగిలినదాన్ని పెరటి చెట్టు మీద కొట్టేవారు కూడా ఉన్నారు. పెరటి జామచెట్టుకు అది అవసరం లేదు. పురుగున్న కొమ్మను కోసి తీసేయండి, తప్పనిసరైతే వేపనూనె ద్రావణాన్ని ఆ కొమ్మ వరకే వాడండి, గూడు ఉన్నంతకాలం దానికి కూడా ఆగండి.

పట్టుకుని పంజరంలో పెంచుకోవచ్చా? అమ్ముతామని ఒకరు చెప్పారు.

కుదరదు, అది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి పక్షులను పట్టడం, అమ్మడం, గూళ్ళూ గుడ్లూ తీయడం శిక్షార్హం. పైగా రోజంతా వందల ఆకులు వెతికి పొట్ట నింపుకునే పిట్టకు పంజరంలో పెట్టగలిగింది ఏమీ లేదు. అమ్మేవారు కనిపిస్తే అటవీ శాఖకు తెలియజేయండి.

ఇది అంతరించిపోయే జాతుల్లో ఉందా?

లేదు. పచ్చజిట్ట ప్రస్తుతానికి ఆందోళన అవసరం లేని జాతుల జాబితాలోనే ఉంది. కష్టం దాని వర్షారణ్యపు చుట్టానికి వచ్చింది. సుమత్రా, బోర్నియో, మలేషియాల్లోని లోతట్టు అడవులను నరికి పామాయిల్ తోటలు వేయడం వల్ల, చెట్ల తలల మీదే బతికే గ్రీన్ అయోరా లాంటి పిట్టలకు ఇల్లు తగ్గిపోతోంది. ఒకే ఎత్తున వరుసగా ఉండే పామ్ చెట్లలో ఆ పై అంతస్తు ఉండదు. మన దేశం దిగుమతి చేసుకునే పామాయిల్‌లో చాలా భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది గనుక, మన బజ్జీల మూకుడుకూ ఆ అడవికీ సంబంధం ఉంది.

కరెంటు తీగలకు అడ్డమని కొమ్మలు కొడుతున్నారు, అందులో గూడు ఉంది. ఏం చేయగలము?

తీగల భద్రత నిజమైన అవసరమే, వాదించవలసింది సమయం గురించి. కొమ్మలు తగ్గించే పని వేసవి మొదట్లోనే, గూళ్ళు మొదలుకాకముందే చేయించమని మీ వీధివారంతా కలిసి రాతపూర్వకంగా అడగండి. వానాకాలంలో తప్పనిసరైతే కొట్టేముందు ఐదు నిమిషాలు కొమ్మ కొసలు చూడమనండి, గూడున్న కొమ్మ తీగకు దూరంగా ఉంటే దాన్ని వదిలేయమని అడగండి. నా అనుభవంలో మెల్లగా చెప్పి, వేలుతో గూడు చూపిస్తే, కొట్టే మనిషి చాలావరకు వింటాడు.

ఒక జులైలో మాత్రం నేను ఊళ్ళో లేను. తిరిగి వచ్చేసరికి మా వీధి వేపచెట్టు సగం నరికేసి ఉంది, గిన్నె అంతటి గూడు రోడ్డు అంచున చిదికి, సాలెపోగులకు దుమ్ము పట్టి ఉంది. ఆ జంట రెండు రోజుల పాటు ఖాళీ అయిన చోటు చుట్టూ తిరిగింది. మూడోరోజు నుంచి కనిపించలేదు. దాదాపు పది రోజుల తరువాత ఎదుటి ఇంటి చింతచెట్టు మీద ఆడపిట్ట ముక్కున సాలెదారం పట్టుకుని ఒక కొమ్మ చీలికలోకి దిగడం చూశాను. ఆ ఇంటివారికి వెంటనే వెళ్ళి చెప్పాను. సెప్టెంబరు దాకా ఆ చెట్టు మీద కత్తి పడకుండా వారే చూసుకున్నారు.